ఇల్లు లేనివాళ్ల ఇంటిపేర్లు

పాట వెనక మనుషులు – 6వ భాగం

మడోన్నా ‘వోగ్’ పాట మీలో కొంతమందైనా చూసే ఉంటారు. 1990 మార్చిలో వచ్చింది. కింద హౌస్ సంగీతపు దరువు. పైన నలుపు తెలుపుల వీడియో. సూట్లు వేసుకున్న కుర్రాళ్లు మొహం చుట్టూ చేతులు తిప్పుతూ, ఫోటోకి నిలబడ్డట్టు ఆగి ఆగి ఆడతారు. మే నెలలో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉంది.

పాట మధ్యలో మడోన్నా 16 మంది పేర్లు చదువుతుంది. గ్రెటా గార్బో, మార్లన్ బ్రాండో, ఫ్రెడ్ ఆస్టైర్, లారెన్ బకాల్... దాదాపు అందరూ పాత హాలీవుడ్ తారలే. అందులో నల్లజాతి మనిషి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. కానీ ఆ ఆట నల్లవాళ్లది, లాటినోలది. ఈ ఒక్క లెక్క తేల్చుకుందాం.

1967లో న్యూయార్క్‌లో ఆడవేషాల అందాల పోటీ ఒకటి జరిగింది. అందులో క్రిస్టల్ లబేజా అనే నల్లజాతి కళాకారిణి, తీర్పులో రంగువివక్ష ఉందని అందరి ముందే నిలదీసింది. ఆ కోపం ‘ది క్వీన్’ అనే డాక్యుమెంటరీలో ఇప్పటికీ చూడొచ్చు. తర్వాత 1970ల మొదట్లో హార్లెంలో నల్లవాళ్లే నడిపే పోటీలు, ‘బాల్స్’, ఊపందుకున్నాయి. క్రిస్టల్ తన పేరు మీదే ‘హౌస్ ఆఫ్ లబేజా’ పెట్టింది. హౌస్ అంటే ఇల్లే. అందులో ఒక అమ్మ ఉంటుంది, ఒక నాన్న ఉంటాడు. గే అనో ట్రాన్స్ అనో కన్నవాళ్లు గెంటేసిన పిల్లలు ఆ ఇళ్లలో చేరేవాళ్లు. చేరినవాళ్లకు ఆ ఇంటి పేరే ఇంటిపేరు. 1982లో లాటినోల కోసం ‘హౌస్ ఆఫ్ ఎక్స్‌ట్రావగాంజా’ వచ్చింది.

ఇంటిపేరు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దెకు గది అడిగితే ముందు అడిగేది అదే, కులం ఆరా తీయడానికి. వాళ్లకు కూడా పుట్టిన ఇంటిపేరు ఏ రక్షణా ఇవ్వలేదు. అందుకే కొత్తది పెట్టుకున్నారు.

ఆ బాల్స్‌లో ‘రియల్‌నెస్’ అని ఒక పోటీ ఉండేది. కంపెనీ ఆఫీసరులాగో సైనికుడిలాగో అచ్చంగా నడవాలి. తనను గుమ్మం తొక్కనివ్వని ఆఫీసు ఎలా నడుస్తుందో, ఎలా నిలబడుతుందో అంత నిశితంగా గమనించినవాళ్లు ఇంకెవరుంటారు? ‘వోగ్’ ఫ్యాషన్ పత్రికలో తెల్ల మోడళ్లు నిలబడే భంగిమల్ని తీసుకుని, తాళానికి విరిచి, ఆటగా మార్చింది కూడా వాళ్లే. ఆ పేరు అలా వచ్చింది.

న్యాయంగా మాట్లాడుకుందాం. మడోన్నా వాళ్లను దాచలేదు. హోసే గుటియెరెజ్ ఎక్స్‌ట్రావగాంజా, లూయిస్ కమాచో ఎక్స్‌ట్రావగాంజా ఆ వీడియోలో ఆడారు, అదే ఏడాది ఆమె ప్రపంచ యాత్రలోనూ ఆడారు. ఎయిడ్స్ తమవాళ్లను ఒక్కొక్కరినే ఎత్తుకుపోతున్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయినా పాటలో వినిపించేది గార్బో పేరే. ఎక్స్‌ట్రావగాంజా పేరు వినపడదు. డేవిడ్ ఫించర్ తీసిన ఆ వీడియోకు ఎంటీవీ మూడు అవార్డులిచ్చింది: దర్శకత్వానికి, ఎడిటింగ్‌కు, ఛాయాగ్రహణానికి. ఆటకు ఇవ్వలేదు.

ఇప్పుడు చట్టం సంగతి చూడండి. ఆ పాటలో ఒక బాకా శబ్దం ఉంది. నిడివి 0.23 సెకన్లు. అది తమ పాత రికార్డు ‘లవ్ బ్రేక్’ నుంచి ఎత్తుకున్నదని ఒక కంపెనీ దావా వేసింది. అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. మామూలు శ్రోత గుర్తుపట్టలేనంత చిన్న ముక్క కాబట్టి తప్పు కాదని 2016లో తీర్పు వచ్చింది. కంపెనీ ఓడిపోయింది, నిజమే. కానీ కోర్టు మెట్లెక్కి అడిగే హక్కు దానికి ఉంది, ఎందుకంటే చేతిలో కాగితం ఉంది. మొత్తం ఆటను పుట్టించిన హార్లెం ఏ కాగితంతో వెళ్లాలి? అమెరికా కాపీరైట్ చట్టం రాసో రికార్డు చేసో పెట్టిన కొరియోగ్రఫీని కాపాడుతుంది. జనం కలిసి ఆడుకునే ఆట ఆ గీత బయటే ఉండిపోతుంది.

పావు సెకను బాకాకు యజమాని ఉన్నాడు. ఏళ్ల తరబడి వాడ చేసిన శ్రమకు లేడు. డప్పు కొట్టిన చేతులున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ వాక్యం విడమరచి చెప్పాలా?

2022 ఆగస్టులో బియాన్సే తన ‘బ్రేక్ మై సోల్’ను ఇదే ‘వోగ్’తో కలిపి మళ్లీ విడుదల చేసింది. హాలీవుడ్ పేర్లు తీసేసి ఆ చోట నల్లజాతి స్త్రీ కళాకారుల పేర్లు చదివింది. వాటి పక్కన ఇళ్ల పేర్లు కూడా: లబేజా, ఎక్స్‌ట్రావగాంజా. అదే దరువు, అదే జాగా. జాబితా ఒక్కటే మారింది. దానికి 32 ఏళ్లు పట్టింది.

రెండు పాటలూ పక్కపక్కన పెట్టుకుని వినండి. పేర్లు వచ్చే చోట కాస్త చెవిపెట్టండి.

వచ్చే భాగంలో చికాగో వెళ్దాం. 1979 జులై 12న ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను ఎందుకు పేల్చేశారో, ఆ ఊళ్లోనే హౌస్ దరువు ఎలా పుట్టిందో మాట్లాడుకుందాం.