అంకుడు కర్ర మీద నిలిచిన ఊరు

చోడవరం పేరెత్తితే ఎవరికైనా చెరకు తోటలు, బెల్లం, గోవాడ చక్కెర మిల్లు, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి గుర్తొస్తాయి. ఆ చెరకు నేలలోనే, చోడవరానికి దక్షిణంగా వెళితే ఎలమంచిలి దాటాక వరాహ నది ఒడ్డున కర్రను నమ్ముకున్న ఊరొకటి ఉంది. అదే ఏటికొప్పాక. పాత విశాఖ జిల్లాలో ఉన్న ఈ రెండూ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరాయి. ఏటికొప్పాకలోనూ చెరకు పండుతుంది. 1933లోనే సహకార పద్ధతిలో చక్కెర సంఘం పెట్టుకున్న ఊరది. అయినా దేశం దాన్ని ఎరిగింది లక్కబొమ్మల వల్ల. ఆ బొమ్మల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది రంగుల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం చెట్టు దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఆ చెట్టు లేకపోతే ఈ ఊరికి ఈ పేరు లేదు.

ఆ చెట్టు అంకుడు. తూర్పు కనుమల వాలుల్లో, మెట్ట అడవుల్లో, రాతి నేలల్లో తనంతట తాను పెరిగే మామూలు చెట్టు. ఆకు తుంపితే పాలు కారతాయి. తెల్లగా మల్లెల్లాంటి పూలు పూస్తుంది. కాయలు జంటగా, కొసలు కలుసుకుని వేలాడతాయి. టేకులా దూలానికి పనికిరాదు, మద్దిలా బండికి పనికిరాదు. ఇల్లు కట్టేవాడు దాని వంక చూడడు. కానీ కోసి చూస్తే లోపల దంతంలా తెల్లగా, నునుపుగా ఉంటుంది. పోగు సన్నం, బరువు తక్కువ. ఉలి తగిలితే పెళ్లలు లేవకుండా సాఫీగా చెక్కుకుపోతుంది. లక్కను చక్కగా పట్టుకుంటుంది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకూ ఆధారం ఇదే చెట్టు. దీని ఆకుల నుంచి నీలిరంగు తీసేవారు కనుకనే శాస్త్రజ్ఞులు దీనికి రంగులనిచ్చేదని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. ఆకుల్నీ గింజల్నీ నాటు వైద్యులు చర్మవ్యాధులకు వాడతారు. దూలానికి పనికిరాని చెట్టు ఒక ఊరినే మోసింది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర సంగతి వేరు. అక్కడ ముక్కను చేత్తో పట్టుకుని చెక్కుతారు, చేతులూ కాళ్లూ విడిగా చేసి అతికిస్తారు. ఏటికొప్పాకలో కర్ర తిరుగుతుంది, ఉలి నిలబడుతుంది. అందుకే ఇక్కడి బొమ్మ ఏదైనా గుండ్రదనంలోంచే పుడుతుంది: బొంగరం, గిలక్కాయ, కుంకుమ భరిణె, బండిచక్రం, పెళ్లి ఊరేగింపులో సన్నాయి ఊదేవాడి తలపాగా. మన ఇళ్లలో ఆడపిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకున్న లక్కపిడతలు, బుల్లి రోలూ రోకలీ, తిరగలీ, బిందే ఇలా కర్రను తిప్పే తరిమెన మీదివే. సంక్రాంతికీ దసరాకీ కొలువు తీర్చే ఇళ్లలో వీటికి ఒక మెట్టు ఎప్పుడూ ఉండేది.

పని ఎలా సాగుతుందో కాస్త నిలబడి చూడాలి. అడవి నుంచి వచ్చిన కర్రను బెరడు తీసి, తేమ పోయేదాకా ఆరబెడతారు. పచ్చికర్రతో తొందరపడితే బొమ్మ తయారయ్యాక బీటలు తీస్తుంది, మూత బిగుసుకుపోతుంది. ఎండిన కర్రను కావలసిన కొలతకు కోసి తరిమెనకు ఎక్కిస్తారు. పూర్వం దీన్ని తాడుతో తిప్పేవారు. ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు, కాబట్టి అది ఇద్దరి పని. కరెంటు లేతు వచ్చాక ఒక్కరే చేసుకోగలుగుతున్నారు. కరెంటు పోయిందంటే మాత్రం ఊరంతటా పని ఆగిపోతుంది.

రూపం వచ్చాక గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క పుల్లను ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. కుంచె లేదు, నూనె లేదు. తర్వాత మొగలి ఆకు మడిచి గట్టిగా అదిమితే లక్క సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఆ అదుము ఎంత ఉండాలో ఏ పుస్తకమూ చెప్పదు. ఎక్కువైతే రంగు కొట్టుకుపోతుంది, తక్కువైతే మచ్చలు పడతాయి. మూత ఉన్న భరిణెలో పనితనం అసలు తెలుస్తుంది: మూత పెట్టినప్పుడు కర్రకూ కర్రకూ మధ్య గాలి చొరబడేంత సందు ఉండకూడదు.

లక్క కూడా అడవి సరుకే. మోదుగ, రేగు, పుసుగు కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురు పొర అది. దాన్ని ఒలిచి, కరిగించి, శుద్ధి చేసి, బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి సాగదీసి పుల్లలు చేస్తారు. ఒకప్పుడు ప్రపంచానికి లక్క పంపిన ప్రధాన దేశం మనదే. ప్లాస్టిక్ రికార్డులు రాకముందు గ్రామఫోను ప్లేట్లను లక్క కలిపే చేసేవారు. అంటే మన తాతలు విన్న పాటకూ, వాళ్ల పిల్లలు ఆడుకున్న లక్కపిడతకూ ముడిసరుకు ఒకటే.

అడవి మాట వచ్చింది కనుక చెప్పుకోవాలి. ఈ ఊరికి వాయవ్యంగా నర్సీపట్నం, గొలుగొండ, ఆపైన చింతపల్లి కొండలు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులకు హద్దురాళ్లు పడి, పోడుకూ కర్రకూ ఆంక్షలు వచ్చాయి. ఆ ఆంక్షలకు రోడ్డు పనుల వెట్టి తోడై 1922లో అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటానికి దారితీసింది. ఆయన సమాధి గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలోనే ఉంది. అడవిలో కొమ్మ ఎవరిదన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. బొమ్మలవాడికి కావలసింది పెద్ద మాను కాదు, చేతికి పట్టేంత కొమ్మ. అయినా అతనూ ఆ ప్రశ్నకు లోబడే బతకాలి.

ఇరవయ్యో శతాబ్దం చివరికి వచ్చేసరికి రసాయన రంగులు ఈ పనిలోకి దిగాయి. చవక, సులువు, కళ్లు చెదిరే మెరుపు. కానీ బొమ్మ పసిపిల్ల నోట్లోకి వెళుతుంది. ఈ విషయాన్ని పట్టించుకున్న ఊరివాడు సి.వి. రాజు. కళాకారుల్ని కూడగట్టి, చెట్ల వేళ్లు, బెరళ్లు, గింజలు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతుల్ని పట్టుదలగా వెతికాడు. పసుపుకొమ్ము నుంచి పసుపు, నీలి మొక్క నుంచి నీలం, రెండూ కలిస్తే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ. అవి లక్కలో ఇమడాలి, సెగకు మాడకూడదు, ఎండకు వెలవకూడదు. ఒక్కో రంగు వెనక ఎంతో ఓపిక ఉంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో రాజు పేరు వినిపించింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వీధిలో సాగినవీ ఈ బొమ్మలే.

భౌగోళిక గుర్తింపు వల్ల ఒక నికరమైన మేలు జరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలన్నిటికీ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, గుర్తింపు పొందిన సంప్రదాయ బొమ్మలకూ, నమోదైన హస్తకళాకారులకూ కేంద్రం మినహాయింపు ఇచ్చింది. లేకుంటే వాకిట్లో లేతు పెట్టుకున్న కుటుంబం పెద్ద ఫ్యాక్టరీతో సమానంగా పరీక్షల ఖర్చు భరించాల్సి వచ్చేది.

బిరుదులు వచ్చాయి, బేరాలు వచ్చాయి. జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు దగ్గర కార్లు ఆపి కొనేవాళ్లూ ఉన్నారు. కర్ర మాత్రం దగ్గరలో దొరకడం తగ్గింది. ఒకప్పుడు చుట్టుపక్కల గుట్టల మీద దొరికిన అంకుడు కోసం ఇప్పుడు దూరం పోవాలి. నాకు ఇక్కడే ఆవేదన. ఈ చెట్టు మొండిది, మొదలంటా నరికినా మళ్లీ చిగురిస్తుంది. వేరు మిగలనిస్తే కొమ్మ మళ్లీ మళ్లీ చేతికొస్తుంది. గట్టు మీదా పెరుగుతుంది, బీడులోనూ పెరుగుతుంది. కాయలు పగిలి దూదిపింజలతో గింజలు గాలికెగిరిపోకముందే కోసుకుంటే విత్తనానికి కొదవ ఉండదు. నర్సీపట్నం వైపు నర్సరీల్లో టేకు, నీలగిరి మొక్కల పక్కన అంకుడుకు నాలుగు మళ్లు కేటాయించి, ఎలమంచిలి, కోటవురట్ల, చోడవరం రైతుల గట్లకు ఆ మొక్కలు పంచాలి. ఆ చెట్ల మొదటి కోత కర్ర కొనేందుకు బొమ్మల పనివారి సంఘంతో ముందే మాట కుదుర్చుకోవాలి.