మూడంగుళాల ఎత్తునుండి మీటరుగేజి

మా శేరిగూడకు రైలు లేదు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వారందరమూ సాగర్ రహదారిని నమ్ముకొని బతికేవారమే. అటువంటి ఊరిలో, మా పెరట్లో, నందివర్ధనం పాదుకూ సీతాఫలం చెట్టుకూ నడుమ నేను నలభై అడుగుల పట్టాలు పరిచాను. మనవడు ఆడి ఆడి విసిగి వదిలేసిన బొమ్మరైలు పట్టాలవి. వాటిమీద ఒక చిన్న పెట్టె, ఆ పెట్టెమీద తాళంచెవి గొలుసుకు తగిలించుకొనేంత కెమెరా. అరవై దాటిన తెలుగు పండితుడికి ఇదేమి వేడుక అని మీరు నవ్వుకోవచ్చు. కారణం లేకపోలేదు, అవధరించండి.

మా నాన్నగారు షాద్‌నగరు, జడ్చర్లల మధ్య మీటరుగేజి దారిలో కీమ్యానుగా పనిచేశారు. భుజాన సుత్తి, చేత ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని రోజూ తన వంతు పట్టాల వెంట నడిచి, వదులైన చీలలను బిగించి రావడం ఆయన పని. ఆయన పెండ్లినాటి ఛాయాచిత్రం ఒకటి ఉన్నది. పనిలో ఉన్నప్పటిది ఒక్కటీ లేదు. ఆయన నడిచిన పట్టాలూ ఇప్పుడు లేవు.

ఆ పట్టాల కథ కొంత చెప్పాలి. నిజాం రాజ్యంలోకి తొలి రైలుదారి 1874లో వాడి నుండి సికిందరాబాదుకు వచ్చింది. అది బ్రాడ్‌గేజి, పట్టాల నడుమ అయిదున్నర అడుగుల ఎడం. తరువాత ఖర్చు తగ్గించుకోవడానికి మన్మాడు వైపు గోదావరి లోయ దారినీ, దక్షిణాన మహబూబ్‌నగరు, గద్వాల వైపు దారినీ మీటరుగేజిగా వేశారు. పట్టాల నడుమ ఎడం సరిగా ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాల పైచిలుకు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలు ఆ కాలానికి నేటికీ సాక్ష్యాలు. 1951లో నిజాం రైల్వే భారత రైల్వేలలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడింది. 1992లో దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న పథకం వచ్చింది. ఆ దశాబ్దంలోనే మా నాన్నగారి మీటరుగేజి పట్టాలు లేచిపోయి బ్రాడ్‌గేజి వచ్చింది. దానివల్ల మేలే జరిగింది. ఒక గేజి బండి నుండి మరొక గేజి బండికి సరుకులు దించి ఎక్కించే బాధ తప్పింది. కాని ఒక దారి చరిత్రలోకి వెళ్ళిపోయేటప్పుడు ఎవరో ఒకరు దాని రూపాన్ని నిలపాలి కదా!

ఇక బొమ్మరైలు సంగతి. 1891లో జర్మనీలోని మార్క్‌లిన్ అనే బొమ్మల సంస్థ లైప్‌జిగ్ సంతలో తన రైళ్ళ పట్టాలకు వరుస సంఖ్యలతో కొలతలు పెట్టింది. అందులో ఒకటవ గేజి నేడు 45 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. 1968లో లేమన్ సంస్థ ఎండకూ వానకూ తట్టుకొని తోటలో నడిచే పెద్ద బొమ్మరైళ్ళను తెచ్చినప్పుడు ఆ ఎడమునే తీసుకొని, బండ్లను మాత్రం అసలు బండిలో ఇరవై రెండున్నరో వంతుగా చేసింది. 45ను 22.5తో హెచ్చవేసి చూడండి: 1012.5. అంటే ఒక మీటరు! లెక్కలో నేను ఎన్నడూ గట్టివాణ్ణి కాను. అయినా ఈ గుణకారం చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనవడు వదిలేసిన ప్లాస్టిక్కు పట్టాలు మా నాన్నగారి మీటరుగేజికి సరియైన నమూనాలన్నమాట.

బండి ముందు కెమెరా పెట్టి దారిని చిత్రించడం కొత్త విద్య కాదు. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల చిత్రాలను ప్రదర్శించినప్పుడు వాటిలో రైలు రాక కూడా ఉన్నది. అందులో కెమెరా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. 1897లో వారి మనిషి ప్రోమియో కదిలే రైలు మీదనే కెమెరా పెట్టి జెరూసలేము స్టేషనును విడిచిపోయే దృశ్యం తీశాడు. అదే సంవత్సరం అమెరికాలో రైలు ముందుభాగాన కెమెరా కట్టి ఒక సొరంగంలో నుండి తీశారు. ఇంజను కనబడదు, డ్రైవరు కనబడడు, దారి మాత్రం మనమీదికి వస్తూ ఉంటుంది. అందుకే అటువంటి చిత్రాలకు ‘ఫాంటమ్ రైడ్’ అని పేరు పెట్టారు. మన భాషలో ‘అదృశ్యయానం’ అనవచ్చునేమో.

చిన్నదాన్ని పెద్దదిగా చూపే విద్యకు మన సినిమాలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. 1957 నాటి ‘మాయాబజార్’లో ద్వారకానగరం మూడువందల చిట్టి ఇండ్లతో కట్టిన నమూనా అని చెబుతారు. దానిని నిజమైన నగరమనిపించింది మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. అటువంటి నమూనాలను తీసేవారికి ఒక సూత్రం ఉన్నది: నమూనా ఎన్నో వంతైతే ఆ సంఖ్య వర్గమూలమంత ఎక్కువ వేగంతో కెమెరా తిరగాలి. అప్పుడే పడే వస్తువు, ఊగే వస్తువు బరువుగా కనిపిస్తాయి. నా లెక్క ప్రకారం క్షణానికి ఇరవైనాలుగుకు బదులు సుమారు నూటపధ్నాలుగు చిత్రాలు కావాలి. నా కెమెరా తీసేది ముప్పై.

ఆ కెమెరా ఇరవై గ్రాములైనా తూగదు. తొలిసారి రైలుకే కట్టి నడిపితే పట్టాల అతుకు తగిలినప్పుడల్లా బొమ్మ జావలాగా వణికింది. చౌక కెమెరాలు చిత్రాన్ని ఒక్కసారిగా గ్రహించవు, వరుస వెంట వరుసగా గ్రహిస్తాయి. కుదుపు ఆ వరుసల మధ్య చేరి గోడలను వంచేస్తుంది. పాత సైకిలు ట్యూబు ముక్క కింద పెడితే కొంత నెమ్మదించింది. అయితే చౌకదనంలో ఒక మేలూ ఉన్నది. ఆవగింజంత కటకం గనుక దగ్గరి గడ్డీ, దూరపు చెట్టూ రెండూ స్పష్టంగా పడతాయి. పెద్ద కెమెరాతో తీస్తే వెనుకది మసకబారి ఇది బొమ్మ అని చెప్పేస్తుంది.

అప్పుడు తోచింది, నాకు కావలసింది రైలు చూపు కాదు, కీమ్యాను చూపు. మనిషి కన్ను అయిదడుగుల ఎత్తున ఉంటుందనుకుంటే నమూనాలో మూడంగుళాలకు లోపు. మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడిస్తే నమూనాలో క్షణానికి ఆరు సెంటీమీటర్లు. ఇంజను తీసేశాను. పెట్టెకు దారం కట్టి, దారపు ఉండకు చుట్టుకుంటూ నెమ్మదిగా లాగాను. నలభై అడుగులకు మూడు నిమిషాల పైచిలుకు పట్టింది. కంకరకు బదులు జల్లెడ పట్టిన మొరం, మలుపు దగ్గర వేపరెమ్మ ఒకటి గుచ్చాను. రంగు తీసేసి నలుపు తెలుపు చేశాను.

ఎనభై దాటిన మా అమ్మకు చూపించాను. ఆమె రోజూ సద్ది పట్టుకొని ఆ పట్టాల వెంట నడిచిన మనిషి. మొదటిసారి ఏమీ అనలేదు. రెండవసారి వేలు పెట్టి చూపింది.

“గట్ల గాదు బిడ్డా, యాపచెట్టు ఎడమదిక్కుండె. దాని కిందనే మీ నాయన సుత్తె దించి కూసుంటుండె. అవతల మోరీ ఉండె, గది పెట్టనే లేదు నువ్వు.”

“ఎటువంటి మోరీ అమ్మా?”

“రాళ్ళతోటి కట్టింది. వానకాలం నీళ్ళు దాని మీదికెల్లి పోతే, నాయన రాత్రంత ఆడనే కావలుండె, ఎర్రదీపం వట్టుకొని.”

ఈ మాట నాకు అరవై ఏండ్లలో ఎన్నడూ చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. కాగితం తెచ్చుకొని కూర్చున్నాను. ఆ సాయంత్రానికి నాలుగు పుటలు నిండాయి. మరునాడు వేపరెమ్మను ఎడమవైపుకు మార్చి, గులకరాళ్ళతో మోరీ కట్టి మళ్ళీ తీశాను. ఆమె మళ్ళీ దిద్దింది. అయిదుసార్లు తీశాము.

ఆ తరువాత బంధువొకరు ఆ చిత్రం చూసి, “ఇంత పాత రీలు మీకెక్కడ దొరికింది?” అన్నారు. ఒక్క క్షణం గర్వపడ్డాను, వెంటనే భయపడ్డాను. పిల్లలకు ఆధారమేదో కల్పన ఏదో విడదీసి చూడమని ముప్పై ఏండ్లు చెప్పినవాణ్ణి. నా పెరటి మొరం రేపు ఎవరి వ్యాసంలోనో పాతకాలపు సాక్ష్యంగా నిలబడితే ఆ పాపం నాది. అందుకని రంగు తిరిగి పెట్టాను. మొదటి చిత్రంలోనే ‘ఇది నమూనా, శేరిగూడ పెరటిలో తీసినది’ అని వ్రాశాను. చివరన నా చేయి, దారపు ఉండ కనబడేటట్లు వదిలేశాను.

చిత్రం సాక్ష్యం కాదు. అమ్మ చెప్పిన నాలుగు పుటలు సాక్ష్యం. అవి కూడా పరిశీలించవలసినవే. కాని ఆ చిత్రం లేకపోతే ఆ పుటలు లేవు. మీ ఇండ్లలోనూ రైలుపనో, చెరువుపనో, మిల్లుపనో చేసినవారి జ్ఞాపకాలు మోస్తున్న పెద్దలు ఉంటారు. ఉత్త ప్రశ్న అడిగితే “ఏమున్నది చెప్పటానికి” అంటారు. తప్పుగానైనా సరే ఒక బొమ్మ చేసి చూపించండి. దిద్దడానికైనా నోరు విప్పుతారు.

మోరీకి ఎన్ని కండ్లున్నవో అమ్మ ఇంకా తేల్చలేదు. అది తేలాక ఆరవసారి తీయాలి.