పాత సున్నపు నీళ్లు

మా తాత సున్నం తొట్టిని ఎన్నడూ పూర్తిగా ఎత్తిపోసేవాడు కాదు. అద్దంకి వైపు మా పల్లె చివర తోళ్లు పదునుచేసే లందలు నడిచినన్నాళ్లూ అదే పద్ధతి. కొత్త సున్నం ఎంత కలిపినా అడుగున పాతనీళ్లు కొన్ని ఉండాల్సిందే. వట్టి కొత్త సున్నంలో వెంట్రుక బిగుసుకుంటుందనీ, పాతనీళ్లు తగిలితే బొటనవేలితో నెట్టినా జారుతుందనీ చెప్పేవాడు.

రోజూ తోలు ఎత్తి మెడ దగ్గర రుద్ది చూసేవాడు. జారితే దుంగ మీద పరిచి మొద్దు కత్తితో వెంట్రుక గీకేవారు, తిరగేసి కండ తీసేవారు. తర్వాత తోలును సంచిలా కుట్టి, దూలానికి వేలాడదీసి, తంగేడు చెక్క ఊరిన ఎర్రటి నీళ్లు నింపేవారు. కారిన నీళ్లు పట్టి మళ్లీ పోయడం మా నాయనమ్మ పని. ఆ తోలుతోనే చెప్పులు కుట్టారు, మిరపతోటలకు నీళ్లు తోడే మోట తొండాలూ కుట్టారు. ఆ నీళ్లతో పంట తీసిన ఊరే, వాసనంటూ మమ్మల్ని దూరం పెట్టింది. ఈ మాట వదిలేసి తోలు చరిత్ర రాయలేను.

పాతనీళ్లలో పనిచేసింది బాక్టీరియా అని కాలేజీలో రసాయనశాస్త్రం చదివాకే నాకు తెలిసింది. వాటి ఎంజైములు వెంట్రుక కుదురును పట్టి ఉంచే ప్రొటీన్లను కరిగిస్తాయి.

ఐరోపాలోనూ ఇదే కథ, ఇంకాస్త మురికిగా. సున్నం తీసిన తోలు మెత్తబడాలని అక్కడ కుక్కల పెంట, పావురాల రెట్ట కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేసేవారు. అందులో పనిచేసేవి పేగుల ఎంజైములూ, పేగుల్లో పెరిగిన బాక్టీరియా ఎంజైములూనని ఇంగ్లండ్‌లో జె.టి. వుడ్ ఏళ్ల తరబడి పరిశోధించి, 1912లో పుస్తకం వేశాడు. అప్పటికే జర్మనీలో ఓటో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైముతో ‘ఓరోపాన్’ తయారుచేసి, 1907లో ఓటో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. పెంట బుట్టల అవసరం తీరిపోయింది.

మన వైపు నుంచి ఈ శాస్త్రంలోకి వెళ్లినవారు యలవర్తి నాయుడమ్మగారు. 1922లో తెనాలి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. ఊరు ముక్కు మూసుకునే పనినే ఏరి చదువుకున్నారు, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు, మద్రాసు అడయార్‌లోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను నడిపారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు. సున్నం, సల్ఫైడ్ వెంట్రుకను గుజ్జుచేసి కాలవల్లో కలుపుతాయి కాబట్టి, వాటి బదులు ఎంజైములు వాడాలని ఆ సంస్థ చాలా కృషి చేసింది. అక్కడ తయారైన ‘క్లారిజైమ్’ గోధుమ తవుడు మీద పెంచిన బూజు నుంచి వచ్చింది. ఎంజైముతో ఊడిన వెంట్రుక నలగకుండా చేతికొస్తుంది, అమ్ముకోవచ్చు.

ఇప్పుడు ఇలాంటి ఎంజైముల వెతుకులాట పురుగుల కడుపు దాకా వెళ్లింది. ఉన్ని బట్టలు కొట్టే చిమ్మట పిల్లపురుగు పేగుల్లో ఉన్నిని కరిగించే బాసిల్లస్ బాక్టీరియాను జర్మనీ పరిశోధకులు గుర్తించారు. తోళ్ల పనికి మాత్రం అలాంటి ఎంజైము వెంట్రుక కుదురును వదిలించి, తోలుకు బలమిచ్చే కొల్లాజెన్‌ను ముట్టకుండా ఉండాలి. కాస్త ఎక్కువసేపు ఉంచితే తోలు పైపొర గుల్లబారి, రంగు సమంగా పట్టదు.