పినటుబో అగ్నిపర్వతం

పినటుబో ఫిలిప్పీన్స్ దేశంలోని లూజాన్ ద్వీపంలో, రాజధాని మనీలాకు వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న అగ్నిపర్వతం. 1991 జూన్ 15న సంభవించిన దీని విస్ఫోటనం 20వ శతాబ్దపు విస్ఫోటనాలలో రెండవ అతి పెద్దది. 1912లో అలాస్కాలో జరిగిన నోవరుప్తా విస్ఫోటనం మాత్రమే దీనిని మించినది. అంతకు ముందు దాదాపు 500 సంవత్సరాలు నిద్రాణంగా ఉండి, దట్టమైన అడవితో కప్పబడి ఉండుటచే ఇది అగ్నిపర్వతమని ఎక్కువమందికి తెలియదు.

ఏర్పడిన విధానం

దక్షిణ చైనా సముద్రపు అడుగున ఉన్న ఫలకం మనీలా అగాధం వద్ద లూజాన్ కిందికి చొచ్చుకొని పోతున్నది. రెండు ఫలకాల రాపిడికి పుట్టిన వేడి వల్లనే రాయి కరుగుతుందని అనుకోవడం కద్దు, కాని అసలు కారణం నీరు. సముద్రపు అడుగు రాళ్ళ ఖనిజాలలో బంధింపబడిన నీరు, ఫలకం లోతుకు దిగి వేడెక్కిన తరువాత బయటపడి, పైనున్న రాతిలో చేరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. ఇట్లు ఏర్పడిన శిలాద్రవం చుట్టూ ఉన్న రాతికంటే తేలిక గనుక పైకి వచ్చి, భూమి లోపల నిలువ చేరుతుంది.

విస్ఫోటనానికి కారణం

శిలాద్రవంలో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువులు కరిగి ఉంటాయి. గోళీసోడాలో గోళీని లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి బుడగలు పొంగినట్లే, శిలాద్రవం పైకి వచ్చే కొలదీ వాయువులు బుడగలుగా విడివడతాయి. పలుచని శిలాద్రవం నుండి ఇవి సులభంగా తప్పించుకొనగలవు. పినటుబో శిలాద్రవం సిలికా అధికంగా గల చిక్కని డాసైటు కావడంతో బుడగలు లోపలే చిక్కుకొని, చివరకు దానిని బూడిదగా చీల్చివేశాయి. అడుగు నుండి మరింత వేడి గల బసాల్టు ద్రవం వచ్చి డాసైటులో చేరడమే ఈ కదలికకు నాంది అని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

1991 విస్ఫోటనం

ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్ళు మొదలైనవి. మే నెలలో రెండు వారాల వ్యవధిలో గంధకపు వాయువు పది రెట్లు పెరిగింది. ఫిలిప్పీన్స్, అమెరికా శాస్త్రజ్ఞుల హెచ్చరికలపై వేలాది మందిని ముందుగానే తరలించారు. దీనివలన కనీసం 5,000 మంది ప్రాణాలు దక్కాయని అంచనా. అయితే అదే రోజున యూన్యా తుఫాను తాకడంతో బూడిద వానలో తడిసి బరువెక్కి ఇంటి పైకప్పులు కూలాయి. విస్ఫోటన సమయంలో మరణించిన వారిలో అధికులు ఇట్లు మరణించినవారే.

శిఖరం కూలి సుమారు 2.5 కిలోమీటర్ల వెడల్పు గల బిలం ఏర్పడగా, అందులో నేడు సరస్సు ఉన్నది. స్ట్రాటో ఆవరణం చేరిన గంధకం వలన భూమి సగటు ఉష్ణోగ్రత తరువాతి సంవత్సరంలో సుమారు 0.5 డిగ్రీలు తగ్గింది. లోయలలో పేరుకున్న బూడిద ప్రతి వర్షాకాలంలోనూ బురద ప్రవాహమై దిగుతూ వచ్చింది. 1995లో బకొలోర్ పట్టణంలోని పాత చర్చి సగం వరకు పూడిపోయింది.