లౌండ్స్ కచేరీ

అమెరికాలోని కౌంటీని మన జిల్లాతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సగమే నిజం. మన కలెక్టరును ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడ పోలీసు అధికారియైన షెరీఫ్‌ను, పన్ను మదింపు చేసేవారిని, పాఠశాలల బోర్డు సభ్యులను ప్రజలే ఎన్నుకుంటారు. కౌంటీ కేంద్రంలోని కోర్టు భవనం న్యాయస్థానమూ, కచేరీ కూడా. ఓటు లేనివారికి ఆ కచేరీ మొత్తం పరాయిదే.

అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ అటువంటి పత్తిచేల కౌంటీ. జనాభాలో దాదాపు 80 శాతం నల్లజాతీయులు. 1965 ఆరంభంలో వారిలో ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలో లేదు. తెల్లజాతి ఓటర్ల సంఖ్య మాత్రం అర్హులైన తెల్లవారి సంఖ్యనే మించిపోయింది!

ఆ ఏడు ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది. సరిగ్గా రెండు వారాలకు, ఆగస్టు 20న, కౌంటీ కేంద్రమైన హేన్‌విల్‌లో జోనథన్ డేనియల్స్ అనే శ్వేతజాతి ఉద్యమకారుడిని టామ్ కోల్‌మన్ కాల్చి చంపాడు. నిరసనలో పాల్గొని ఆరు రోజులు కౌంటీ జైలులో ఉన్న డేనియల్స్, అప్పుడే విడుదలై బయటికి వచ్చాడు. హేన్‌విల్ కోర్టులో విచారణ జరిగింది. పన్నెండుగురు జ్యూరీ సభ్యులూ తెల్లవారే. కోల్‌మన్ నిర్దోషిగా ఇంటికి వెళ్లాడు. వాషింగ్టన్‌లో చట్టం మారింది గాని, హేన్‌విల్‌లో తీర్పు చెప్పే చేతులు మారలేదు.

అందుకే అక్కడివారు కచేరీనే గెలవాలనుకున్నారు. ఓటరుగా నమోదైన నేరానికి భూస్వాములు వెళ్లగొట్టిన కౌలుదారు కుటుంబాలు రహదారి పక్కన గుడారాలలో తలదాచుకున్నాయి. అధికార డెమోక్రాట్లు అభ్యర్థిత్వ రుసుమును 50 డాలర్ల నుంచి 500కు పెంచారు. సొంత పార్టీ తప్ప మార్గం లేకపోయింది. నిరక్షరాస్యుల కోసం రాష్ట్రంలో ప్రతి పార్టీకి గుర్తు ఉండాలి. మన తొలి సార్వత్రిక ఎన్నికలకు గుర్తులు పుట్టించిన అవసరమే అది. డెమోక్రాట్లది తెల్ల కోడిపుంజు. లౌండ్స్ వాసులు నల్ల చిరుతను ఎంచుకున్నారు. తరువాత కాలిఫోర్నియాలో ప్రసిద్ధమైన పార్టీ పేరుకు మూలం ఈ మారుమూల బ్యాలెట్ బొమ్మే. ప్రపంచానికి ఆ పేరే గుర్తుంది, ఊరు గుర్తులేదు.

1966 నవంబరులో షెరీఫ్‌తో సహా ఏడు పదవులకు పోటీచేసి, ఏడింటిలోనూ ఓడిపోయారు. అదే ఏడు ఒక ఫెడరల్ న్యాయస్థానం, లౌండ్స్ జ్యూరీల నుంచి నల్లజాతీయులను దూరంగా ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. జ్యూరీ తలుపును పైకోర్టు తెరవగలిగింది. షెరీఫ్ కుర్చీకి మాత్రం మరో నాలుగేళ్ల కాలినడక ప్రచారం అవసరమైంది.

1965 మార్చిలో నమోదైన తొలి నల్లజాతి ఓటర్లలో జాన్ హ్యూలెట్ ఒకరు. 1970లో ఆయన షెరీఫ్‌గా ఎన్నికై, ఆ పదవిలో 22 ఏళ్లు కొనసాగారు. కౌంటీ జైలు బాధ్యత ఆయనకు దక్కింది.