మూడు షిఫ్టుల శ్రోతలు

గోదావరిఖనిలో రేడియోలెన్ని ఉన్నాయో ఒకప్పుడు పోస్టాఫీసు చెప్పగలిగేది. సెట్టు కొన్నవాళ్లు లైసెన్సు తీసుకోవాలి, ఏడాదికోసారి 15 రూపాయలు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. 1985లో కేంద్రం ఆ పద్ధతి ఎత్తేసేదాకా, రేడియో ఎంతమందికి చేరిందని అడిగితే ముందు చూపించేది ఈ లైసెన్సుల లెక్కనే. ఆ లెక్క మా బొగ్గు బాయిల ఊళ్లకు ఏనాడూ సరిపోలేదు. తర్వాత వచ్చిన లెక్కలూ సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో ఈ ఊళ్లో పుట్టి, కొన్నాళ్లు సర్వే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాడిగా నాకు తెలిసినంత రాస్తాను.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా, చెమ్మస్ (పార)‌తో టబ్బులు నింపే పని. మేమున్న క్వార్టర్ల లైన్లో రేడియో ఒక్కరింట్లోనే ఉండేది. సాయంత్రం దాన్ని కిటికీలో పెడితే చుట్టుపక్కల ఇండ్లన్నీ వినేవి. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాటలు మొదలైతే అంట్లు తోముతున్న ఆడవాళ్లు చేతులాపి నవ్వేవారు. మగవాళ్లు బీడీలు ముట్టించుకుని అరుగుల మీద కూర్చునేవారు. పోస్టాఫీసు పుస్తకంలో మాత్రం అదంతా ఒక్క లైసెన్సు.

సినిమా పాటల విషయంలో ఇంకో లెక్క నడిచేది, ఉత్తరాల లెక్క. బి.వి.కేస్కర్ సమాచార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు మూసింది. జనం రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1952లో అక్కడ బినాకా గీత్‌మాలా మొదలైంది. వారానికి 65,000 దాకా ఉత్తరాలు వచ్చేవని అమీన్ సయానీ చెప్పేవారు. అన్ని ఉత్తరాలు చదివి ఏరడం అయ్యే పని కాదు గనుక, తర్వాత పాటల వరుసను రికార్డుల అమ్మకాలను బట్టి, శ్రోతల సంఘాల అభిప్రాయాన్ని బట్టి వేశారు. శ్రోతల ఇష్టాన్ని అంకెల్లో పెట్టి వారం వారం ప్రకటించడం మన దేశంలో అంత పెద్ద ఎత్తున అదే మొదలనుకుంటాను.

ఉత్తరాల లెక్కతో వచ్చే చిక్కు ఏమిటో ఝుమ్రీ తలైయాను చూస్తే తెలుస్తుంది. ఇప్పటి జార్ఖండ్‌లోని ఆ ఊరూ మా ఊరిలాగే గనుల ఊరు, కాకపోతే అక్కడ తవ్వేది అభ్రకం. కోరిన పాటలు వేసే ప్రతి కార్యక్రమంలో ఆ ఊరి పేరు వినపడేది. దేశంలో రేడియో ఎక్కువ వినేది అక్కడివాళ్లేనా? ఏమో. ఎక్కువ ఉత్తరాలు రాసింది మాత్రం వాళ్లే. కార్డు కొని, రాసి, డబ్బాలో వేసే అలవాటు ఉన్నవాళ్ల సంఖ్య అది. మా లైన్లో మొదటి షిఫ్టుకు పోయి బొగ్గు దుమ్ముతో ఇంటికొచ్చే మనిషి, వేలిముద్ర వేసి జీతం తీసుకునే మనిషి, పాట కోరుతూ కార్డు రాస్తాడా? వినేది మాత్రం వింటాడు.

ఈ చిక్కు మనదొక్కటే కాదు. అమెరికాలో 1930లో ఆర్కిబాల్డ్ క్రాస్లీ టెలిఫోన్లు చేయించి, నిన్న ఏం విన్నారని అడిగించారు. తర్వాత హూపర్ కంపెనీ, ఫోను మోగిన ఆ నిమిషంలో ఇంట్లో ఏ స్టేషను నడుస్తోందని అడిగింది. నిన్నటిది గుర్తు తెచ్చుకునే బాధ తప్పింది, ఫోను లేని ఇండ్లు ఎప్పటిలాగే లెక్కకు రాలేదు. ఇంగ్లండులో బీబీసీ 1936లో రాబర్ట్ సిల్వీని ఈ పనికి పెట్టుకుంది. 1939 నుంచి ఆయన మనుషులు రోజూ జనాన్ని నేరుగా కలిసి నిన్న విన్నదాని గురించి అడిగేవారు. ముఖాముఖి అడిగితే ఫోను లేనివాళ్లూ లెక్కకొస్తారు. నా మట్టుకు ఈ మొత్తం చరిత్రలో గొప్ప అడుగు అదే.

నేను సర్వే పనిలో ఉన్నప్పుడు పట్టుకుపోయిన ఫారం కూడా ఆ వంశంలోదే. సబ్బు, టీ పొడి, పేపరు, సినిమా, రేడియో, అన్నీ ఒకే ఫారంలో ఉండేవి. మా ఊరి క్వార్టర్లలో ఒక ఇంటి ముందు నిలబడి అడిగింది ఇప్పటికీ గుర్తుంది.

"అక్కా, మీ ఇంట్లో రేడియో ఉందా?"

"లేదు బిడ్డా. ఎదురింట్ల ఉన్నది."

"మరి వింటారా?"

"ఎందుకినం? వాళ్లు పెడితే మా వాకిట్లకే ఇనవడ్తది. నిన్న మాత్రం ఇనలే. ఆళ్లాయనది నైట్ షిఫ్టు. పొద్దంతా పండుకుంటడు, రేడియో పెట్టరు."

ఫారంలో ఇంట్లో సెట్టు ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేదంటే ఆ భాగం వదిలేసి తర్వాతి పేజీకి పోవాలి. ఆమె చెప్పినది రాసే గడి లేదు. ఎదురింటి మగమనిషి షిఫ్టును బట్టి ఈ ఇంట్లో ఆడమనిషి రేడియో వినడం, మానడం ఉంటుందని ఆ ఫారం తయారుచేసినవాళ్లకు తట్టి ఉండదు. వాళ్లు ఊహించుకున్నది పొద్దున లేచి, తొమ్మిదికి ఆఫీసుకు పోయి, సాయంత్రం తిరిగొచ్చే ఇల్లు.

మా బొగ్గు గనుల కంపెనీ సింగరేణిలో షిఫ్టు వారం వారం మారుతుంది. మొదటి షిఫ్టు వారంలో మనిషి తెల్లవారకముందే లేస్తాడు, సాయంత్రం ఇంట్లో ఉంటాడు, రేడియో దగ్గర ఆయన మాటే నడుస్తుంది. రెండో షిఫ్టు వారంలో ఆయన నడిరాత్రికి గానీ రాడు. సాయంత్రపు రేడియో పెండ్లానిది, పిల్లలది. రాత్రి షిఫ్టు వారంలో పగలంతా ఇల్లు గుసగుసల మీద నడుస్తుంది, పిల్లలు గట్టిగా మాట్లాడినా దెబ్బలే. ఇల్లు ఒకటే, మనుషులూ వాళ్లే, వినడం మాత్రం వారానికో తీరు.

ఇప్పుడు ప్రైవేటు ఎఫ్ఎంల కాలానికి వస్తాను. 2007లో ట్యామ్ సంస్థ ర్యామ్ అనే రేడియో రేటింగ్ పద్ధతి తెచ్చింది. ఎంచుకున్న మనుషుల చేతికి డైరీ ఇచ్చేవారు. రోజును పావుగంటల గళ్లుగా విడగొట్టేవారు. ఏ పావుగంటలో ఏ స్టేషను విన్నారో వాళ్లే టిక్కు పెట్టాల్సి ఉండేది. ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా, ఈ నాలుగు నగరాలే అందులో ఉండేవి. 2006లోనే ప్రైవేటు ఎఫ్ఎంలు మోగిన హైదరాబాద్‌కు కూడా చోటు దక్కలేదు, ఇక మా సంగతి చెప్పేదేముంది.

నగరానికి 480 మంది. ఇంత చిన్న గుంపుతో వచ్చే అంకెను ఎలా చదవాలో యాడ్లు ఇచ్చేవాళ్లకు తెలియాలి. 480 మందిలో 10 శాతం ఒక స్టేషను విన్నారని తేలితే, అసలు అంకె దాదాపు 7 నుంచి 13 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటప్పుడు ఈ వారం ఒక పాయింటు పెరిగామని పండుగ చేసుకోవడంలో అర్థం లేదు. రెండోది, వాటా అన్న అంకె ఎంతమంది విన్నారో, ఎంతసేపు విన్నారో కలిపేస్తుంది. వందమంది తలా 10 నిమిషాలు విన్నా వెయ్యి నిమిషాలే, 20 మంది తలా 50 నిమిషాలు విన్నా వెయ్యి నిమిషాలే. సబ్బు కొత్తగా తెచ్చినవాడికి ఆ వందమంది కావాలి. ఒకే మాట పదేపదే చెప్పి ఒప్పించాల్సినవాడికి ఆ 20 మంది చాలు. వాటా ఒక్కటి చూసి డబ్బు పెట్టేవాడికి ఈ తేడా కనపడదు.

ఒక వారం డైరీని మా ఊళ్లో పంచితే ఏమవుతుంది? మూడు షిఫ్టులవాళ్లూ సమానంగా దొరికితే మొత్తం అంకె బాగానే రావచ్చు. తప్పు లోపల ఉంటుంది. సాయంత్రపు కార్యక్రమాన్ని మూడు వారాల్లో రెండు వారాలు వినే కార్మికులు వందమంది ఉన్నారనుకోండి. ఒక వారం డైరీలో అది 67 మంది క్రమం తప్పకుండా వింటారు, 33 మంది అసలు వినరు అన్నట్టు కనపడుతుంది. వినేవాళ్ల సంఖ్య తగ్గిపోతుంది, ఉన్నవాళ్లు మాత్రం మహా అంకితభావంతో ఉన్నట్టు తేలుతుంది. రెండూ నిజం కాదు.

డైరీ బదులు యంత్రం పెడదామా? అమెరికాలో ఆర్బిట్రాన్ అలాంటిది తెచ్చింది. నడుముకు తగిలించుకున్న పరికరం, స్టేషను ధ్వనిలో కలిపిన, చెవికి దొరకని సంకేతాన్ని పట్టుకుంటుంది. అగ్గిపెట్టెను కూడా తనిఖీ చేసి లాగేసుకునే బాయిలోకి, గ్యాస్ భయానికి ప్రత్యేకంగా ఆమోదం పొందని ఎలక్ట్రానిక్ పరికరాన్ని పోనివ్వరు. దిగేముందు విప్పిపెట్టి, పైకొచ్చి స్నానం చేసి మళ్లీ తగిలించుకోవడం ఎవరికి గుర్తుంటుంది?

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త నగరాల్లో 730 ఎఫ్ఎం ఛానెళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో మా గోదావరిఖని ఉన్న రామగుండం పేరుంది, పక్కనే మంచిర్యాల కూడా ఉంది. సింగరేణి హెడ్డాఫీసున్న కొత్తగూడెంలో ఆకాశవాణి ఎఫ్ఎం 1989లోనే మొదలైంది. మాకు ఇప్పుడు ప్రైవేటు ఎఫ్ఎం వంతు రావచ్చు. ఛానెల్ వస్తే యాడ్ల కోసం రేటింగు వెనకాలే వస్తుంది.

అప్పటికీ ఇప్పటికీ శ్రోత కూడా మారాడు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా పర్మనెంట్ కార్మికులుండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దగ్గరికి వచ్చింది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టు మనుషులది. రామగిరి మండలం సెంటినరీ కాలనీ చుట్టుపక్కల ఊళ్లలో అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే డ్రైవర్లు, హెల్పర్లు కనపడతారు. వాళ్లు పాటలు వినేది ఫోన్లో, బండి క్యాబిన్లో. క్వార్టర్ల జాబితా పట్టుకుని నమూనా తీస్తే వాళ్లలో ఒక్కరూ దొరకరు.

అందుకే రేపు రామగుండంలో ఎవరైనా డైరీ పంచితే, ఒకే ఇంటికి వరసగా మూడు వారాలు పంచమంటాను. పైన ఏ షిఫ్టు వారమో రాసుకునే గడి ఉండాలి. సెట్టు ఎవరిదైనా సరే, విన్నారా లేదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. అద్దె గదుల తలుపు పొద్దున ఒకసారి, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు నిద్ర లేచాక మధ్యాహ్నం ఒకసారి తట్టాలి.