బౌరీ కాగితాల్లో మన తీరం

మూడున్నర శతాబ్దాల కిందట శ్రీకాకుళం, విజయనగరం ఒడ్డుకు యూరప్ నావికులు పెట్టుకున్న పేరు ‘జింజిలీ తీరం’. నువ్వుల నూనెకు ఇంగ్లీషువాళ్ళు వాడే మాటా అదే. గోదావరి ముఖద్వారం దాటి ఒరిస్సా వైపు సాగే తీరమంతా వాళ్ళ లెక్కలో ఈ పేరు కిందికే వచ్చేది. ఆ పేరుతోనే ఒక ప్రకరణం రాసిపెట్టిన ఓడ వర్తకుడు థామస్ బౌరీ.

బౌరీ 1669లో మద్రాసులో దిగాడు. ఈస్టిండియా కంపెనీ జీతగాడు కాదు, సొంత వ్యాపారం చేసుకున్న మనిషి. 1688 వరకు బంగాళాఖాతం ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిరుగుతూనే ఉన్నాడు. 1669 నుంచి 1679 దాకా చూసినవాటిని ఒక రాతప్రతిగా కూర్చాడు. రాజులు, రేవులు, సరుకులు, నాణేలు, తూకాలు, జనం అలవాట్లు అన్నీ అందులో ఉన్నాయి. నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఆయన గీసుకున్న పడవల బొమ్మలు.

వాటిలో మసూలా పడవ ఉంది, తెప్ప ఉంది. మన తీరానికి ఓడ ఒడ్డు దాకా వచ్చేంత లోతు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, మధ్యలో విరిగిపడే అలల్ని దాటించి సరుకునూ మనుషుల్నీ చేరవేయాలి. మేకులు కొట్టిన యూరప్ పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది. మనవాళ్ళ మసూలాలో మేకే లేదు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. అల వచ్చి కొడితే ఆ కుట్టు సాగుతుంది, పడవ వంగి లేస్తుంది. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో పొగ ఓడల కాలంలో కూడా సరుకు ఓడకెక్కింది పడవల మీదే. అలను చదవడం తెలిసిన జాలరి లేనిదే ఎంత పెద్ద కంపెనీ సరుకైనా నీళ్ళమీదే ఉండిపోయేది.

అప్పటి శ్రీకాకుళం గోల్కొండ నవాబుల పాలనలోని సర్కారు. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు, బౌరీ వచ్చేనాటికే 28 ఏళ్ళది. ‘చికాకోల్’ మస్లిన్ ఈ ఊరికి తెచ్చిన పేరు దేశాలు దాటింది. భీమునిపట్నంలో డచ్చివాళ్ళ కొఠీ ఉండేది. వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. బౌరీ వెళ్ళిపోవడానికి ముందు ఏడాది, 1687లో, గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది.

ఇక ఆ కాగితాల సంగతి. రాతప్రతి మీద రచయిత పేరు లేదు, ‘టి.బి.’ అన్న పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ టి.బి. థామస్ బౌరీయేనని తేల్చి, రిచర్డ్ కార్నక్ టెంపుల్ దాన్ని 1905లో హక్లూయిట్ సొసైటీ తరఫున అచ్చు వేయించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1913లో, ఇంగ్లండ్ వోస్టర్‌షైర్‌లోని క్లీవ్ ప్రయర్ అనే పల్లెలో, ఒక పాత భవంతిలో జాన్ హంఫ్రీస్‌కు బౌరీ సొంత కాగితాలే దొరికాయి. 1698లో హాలండ్ తిరిగినప్పటి డైరీ, ‘మేరీ గ్యాలీ’ అనే ఓడ కట్టించిన లెక్కలు, దాని తూర్పు ప్రయాణం తాలూకు కాగితాలు అందులో ఉన్నాయి. టెంపుల్ వీటినీ 1927లో వెలువరించాడు. ఇప్పుడవి లండన్‌లో భద్రంగా ఉన్నాయి. 1701లో మలయ్ భాషకు నిఘంటువు అచ్చు వేయించిన ఈ మనిషి 1713లో చనిపోయాడు. విజయనగరం కోటకు పునాది పడింది కూడా ఆ ఏడాదే.

అమెరికాలోనూ ఇలాంటి భాగ్యం ఒక వర్తకుడికి దక్కింది. 1831లో చనిపోయిన ఫిలడెల్ఫియా ఓడల వర్తకుడు స్టీఫెన్ గిరార్డ్ ఉత్తరాలనూ లెక్కలనూ ఆయన పేరిటి కాలేజీ కాపాడుతూ వచ్చింది.

మరి బౌరీ లాంటివాళ్ళకు బట్ట అమ్మిన కోమటి రాసుకున్న చిట్టా ఏది? నేతగాడికి బయానా ఇచ్చిన పద్దు ఏది? పడవ కూలి లెక్క ఏది? ఇక్కడా రాశారు. తాటాకు మీద రాశారు, తర్వాత కాగితం మీద రాశారు. ఆకు చెదలు తిన్నది, కాగితం పొట్లాలైంది. అందుకే మన రేవుల బేరాన్ని కొన్నవాడి కళ్ళతోనే చదువుకుంటున్నాం. ఇది నాకు బాధ కలిగించే విషయం.

అయినా అంతా పోయిందనుకోను. కళింగపట్నం, భీమిలి, బారువ, కోనాడల్లో పాత షావుకార్ల ఇళ్ళున్నాయి. ఆ అటకల మీద, భోషాణాల అడుగున ఎర్రగుడ్డ చుట్టిన ఆవర్జాలు, రేవు రసీదులు, ఉత్తరాల కట్టలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. మీ ఇంట్లో కనిపిస్తే తూకానికి వేయకండి. రాష్ట్ర ఆర్కైవ్స్ వారికో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో చూపించండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే కనీసం ఒక్కో పుటకూ ఫోటో తీయనివ్వండి.